కత్తి ఏ చేతిలో ఉంది?

ఖాదర్ పేరు చెప్పింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కాస్త సులువవుతుంది.

అది పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం వేసవి. ఏలూరు పడమర వీధిలో అద్దెకుండేవాళ్ళం. మా వారు గంగాధరరావుగారు కలకత్తా వెళ్ళి సైకాలజీలో ఎం.ఏ. చేసి వచ్చి, ఊళ్ళో ఒక ట్రైనింగ్ స్కూల్లో పంతుళ్ళకి పాఠాలు చెప్పేవారు. మనసుని గురించి చదువు అంటే నల్లజర్లలో పొలాలు చేసుకునే మా బంధువులెవరికీ నమ్మకం కుదరలేదు. "ఎదటివాడి మనసులో ఏముందో మీ ఆయన చెప్పేస్తాడటగా" అని నన్ను అడిగేవారు. ఆయన గదిలోకి రాగానే మాట మార్చేసేవారు. మా అత్తయ్యగారు వెంకటనరసమ్మగారు మాతోనే ఉండేవారు. ఆవిడ కూడా కొడుకు ఎదురుగా కూర్చుని దేన్ని గురించైనా ఎక్కువసేపు ఆలోచించడానికి జంకేవారు.

నేను ఎనిమిదో క్లాసు దాకా చదివాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. మా వారి రాత మర్నాటికి ఆయనకే తెలిసేది కాదు. అందుకని ఆయన కాగితాలు సాఫు రాసే పని నాది.

ఆ ఏడు ఆయన పట్టుకున్న విషయం సాక్ష్యం. కళ్ళారా చూశానని చెప్పే మనిషి మాటల్లో నిజమెంత? రోజులు గడిచేకొద్దీ అది ఎంత తరుగుతుంది? అడిగేవాడు అడిగే తీరుకి ఎంత వంగుతుంది? ఇవి లెక్కకట్టి చూపించాలని ఆయన పట్టుదల. కలకత్తా నుంచి ఆయన ప్రొఫెసరుగారు ఉత్తరం రాశారు. జూలైలోగా ఫలితాలు పంపితే అక్కడ ఒక అసిస్టెంటు ఉద్యోగం ఖాళీ అవుతోంది, చూస్తాను అని. ఆ ఉత్తరం మా వారి చొక్కా జేబులో ఉండి ఉండి మడతల దగ్గర చిరిగిపోయింది.

మొదట ఇంట్లోనే చేసి చూశారు. ఒక కేలండరు బొమ్మ, అందులో ఒక ఇల్లు, బావి, నీళ్ళు తోడే మనిషి. అత్తయ్యగారికి నిమిషంసేపు చూపించి వెనక్కి తిప్పేశారు.

"అమ్మా, బావి పక్కన పిల్లి ఏ రంగు?"

"తెల్లదిరా."

బొమ్మలో పిల్లి లేదు. ఆవిడ కేలండరు అటూ ఇటూ తిప్పి చూసి, కొడుకు వంక అనుమానంగా చూశారు.

"నువ్వే కదరా పిల్లి అన్నావు? లేని పిల్లిని నువ్వెందుకు అడుగుతావు?"

మా వారి మొహం వెలిగిపోయింది. "విన్నావా ప్రసూనా? అదీ సంగతి. అడిగేవాడు అబద్ధం అడగడు అనుకుంటారు" అన్నారు. అత్తయ్యగారు మాత్రం ఆ తర్వాత నాలుగు రోజులు, పచ్చడి ఎక్కడుందమ్మా అని ఆయన అడిగినా, "ఉందో లేదో నీకే తెలియాలి నాయనా" అనేవారు.

ఏప్రిల్లో ట్రైనింగ్ స్కూలుకి పల్లెటూళ్ళ నుంచి నలభైమంది పంతుళ్ళు వేసవి క్లాసులకి వచ్చారు. కామవరపుకోట నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, కొల్లేటి లంకల నుంచి. మా వారి పథకం ఇది. ఆయన బోర్డు మీద రాస్తూ ఉండగా ఎవరో మనిషి క్లాసులోకి వచ్చి, బల్ల మీది టైంపీసు తీసుకుని వెళ్ళిపోవాలి. ఏం చూశారో పంతుళ్ళు అప్పటికప్పుడు ఒకసారి రాయాలి, వారానికి ఇంకోసారి రాయాలి, ఊళ్ళకి వెళ్ళాక జూన్ పదిహేనున పోస్టులో మూడోసారి రాయాలి. ఆ మూడో కాగితం అందేదాకా అది మేం ఆడించిన ఆట అని ఒక్కరికీ తెలియకూడదు.

"పంతుళ్ళు ఎరగని మనిషి కావాలి. నాటకాలవాళ్ళయితే అతి చేస్తారు. నోరు మెదపకుండా వచ్చి వెళ్ళేవాడు ఎవరున్నారు?" అన్నారు.

"మన గడియారాల ఖాదర్ అయితేనండీ?" అన్నాను.

ఖాదర్ తంగెళ్ళమూడి మనిషి. గడియారాలు, గ్రామఫోన్లు, పెట్రోమాక్సు లైట్లు బాగుచేసేవాడు. రేకుపెట్టె భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గడియారం వెనక మూత తీసేముందు చేతులు తువ్వాలుకి తుడుచుకుని, ఊపిరి బిగబట్టేవాడు. ఆ బిగబట్టిన ఊపిరి చూసే కాబోలు, అతని పేరు నా నోటికి వచ్చింది.

మా వరండాలో మా వారు విషయం చెప్తుంటే శ్రద్ధగా విన్నాడు.

"టైంపీసు పట్టుకుపోవాలాండీ?"

"పట్టుకుపోయి వెనక గుమ్మం దగ్గర ప్యూను వెంకట్రాజుకి ఇచ్చెయ్యి."

"దొంగలాగాండీ?"

"దొంగ అని మేం ఎక్కడా అనం. ఒక మనిషి వచ్చాడు, ఒక వస్తువు తీసుకున్నాడు, వెళ్ళాడు. అంతే."

ఖాదర్ రేకుపెట్టె పట్టీ సర్దుకున్నాడు. "తర్వాత వాళ్ళతో చెప్పేస్తారు కదండీ, బాబుగారూ?"

"చెప్పకుండా ఎలా ఉంటాం?"

ఎప్పుడు చెప్తారని అతను అడగలేదు. మా వారు చెప్పలేదు. జూన్ పదిహేను అన్న తేదీ నాకు తెలుసు. పథకం సాఫు రాసింది నేను. నేనూ చెప్పలేదు.

ప్రశ్నల కాగితాలు నలభై, కార్బను పెట్టి రాశాను. ఇరవై కాగితాల్లో ఏడో ప్రశ్న, "అతని చేతిలో ఏమైనా ఉందా? ఉంటే ఏమిటి?" అని. మిగతా ఇరవైలో అదే ప్రశ్న, "కత్తి ఏ చేతిలో ఉంది?" అని.

"కత్తి ఎక్కడిదండీ?" అన్నాను.

"లేదు. పిల్లి ఎక్కడిది?" అన్నారు నవ్వుతూ.

కార్బను కింద కాగితానికి దిగాలంటే పెన్సిలు నొక్కి రాయాలి. కత్తి, కత్తి అని నొక్కి నొక్కి రాశాను.

ఆ రోజు జరిగింది నేను చూడలేదు. ఖాదర్ వచ్చి చెప్పాడు. నీరుకావి పంచె, తెల్ల చొక్కా, ఎడం చేతిలో ముడిచిన గొడుగు. అంతకుముందు ఖాళీ గదిలో రెండుసార్లు ఆడించి చూస్తే వెంకట్రాజు నవ్వు ఆపుకోలేక అంతా పాడుచేశాడు. ఈసారి మాత్రం గుమ్మం దగ్గర "ఏయ్, ఎవరది?" అని బాగానే అరిచాడట. ఖాదర్ లోపల ఉన్నది ఇరవై సెకన్లు. "చెమటలు పట్టేశాయండి అమ్మగారూ. ఒక పంతులుగారు నా కళ్ళలోకి చూశారండి" అన్నాడు. మంచినీళ్ళు రెండు చెంబులు తాగాడు.

ఇంక కాగితాలు వచ్చాయి. మా వారు అనుకున్నంత సులువుగా ఏదీ జరగలేదు. రాయండి అనగానే పంతుళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారట. "ఇవి ఇనస్పెక్టరుగారికి వెళ్తాయాండీ?" అని ఒకరు, "పోలీసులకి ఇస్తారాండీ?" అని ఒకరు. పేర్లు వద్దు, నంబర్లు వేస్తే చాలు అన్నాక అనుమానం ఇంకా పెరిగింది. పేరు లేని కాగితం ఎవరి నెత్తికి చుట్టుకుంటుందో అని. కొందరు రాత మార్చి రాశారు. ఒక బెంచీలో నలుగురూ ఒకే తప్పు రాశారు, మాటతో సహా. వారం తర్వాత రెండో కాగితాలు వచ్చేసరికి, కత్తి ప్రశ్న అసలు అడగని కాగితాల్లో కూడా మూడింటిలో కత్తి దిగింది. భోజనాల దగ్గర మాట్లాడుకున్నారన్నమాట.

కత్తి అడిగిన ఇరవైమందిలో పద్నాలుగుమంది చెయ్యి చెప్పారు. తొమ్మిది కుడి, అయిదు ఎడమ. ఒకాయన పిడి రంగు చెప్పారు. ఖాదర్‌కి గడ్డం ఉందన్నారు, పొడుగన్నారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయన్నారు. గొడుగు కనిపించింది నలుగురికి. పదిహేడో నంబరు కాగితంలో మాత్రం అన్ని ప్రశ్నలకీ ఒకటే జవాబు. "నేను చూడలేదు. బోర్డు వంక చూస్తున్నాను." రెండుసార్లూ అంతే. ఏ నంబరు ఎవరిదో మా వారి దగ్గర జాబితా ఉంది. ఆయన కూర్చున్నది ముందు బెంచీలో. కొల్లేటికోట పంతులు, విశ్వాసంగారు.

అవి రాసీ రాసీ నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాకుండా పోయింది. పాలవాడు నిన్న పోసినది మూడు గిద్దెలు అంటే, నీకెలా తెలుసు అనిపించేది. అత్తయ్యగారు మా పెళ్ళినాటి సంగతి చెప్తుంటే, ఇందులో పిల్లి ఎక్కడుందో అని వెతికేదాన్ని.

మే నెల మధ్యలో పంతుళ్ళు ఊళ్ళకి బయల్దేరారు. "ఇప్పుడైనా చెప్పెయ్యరాదాండీ? ఆ మనిషి ఊళ్ళు తిరిగేవాడు" అన్నాను.

"నెలరోజులు ఓపిక పట్టు. చెప్తే మూడో కాగితం పాడైపోతుంది. అసలు ప్రాణం దాంట్లోనే ఉంది" అన్నారు. జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

నేను పట్టాను.

జూన్ అయిదో తారీకు మధ్యాహ్నం, భోజనాలయి విస్తళ్ళు తీస్తుండగా వీధిగుమ్మంలో ఎవరో పిలిచారు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చేతిలో తడి గోనెసంచి, అందులో ఏదో కదులుతోంది.

"నేనండీ, విశ్వాసాన్నండి, కొల్లేటికోట. కొరమీనులు తెచ్చానండి అయ్యగారికి." మా వారు బయటికి రాగానే సంచి కింద పెట్టి నమస్కారం చేశాడు. సంతోషం ఆగడంలేదు ఆయనకి. "అండీ, దొంగ దొరికాడండి!"

"ఏ దొంగ?"

"మన టైంపీసు దొంగండీ. నిన్న పొద్దున్న మా రేవులో దోనె దిగాడండి. మా ఊరి పెద్ద గంగరాజుగారి గ్రామఫోను బాగుచేస్తానని వచ్చాడు. చూడగానే పోల్చేశానండి. ఆ కళ్ళేనండి. పెట్టె వెతికితే కత్తి కూడా దొరికిందండి."

నాకు తెలుసు ఆ కత్తి. గడియారం మూత ఊడదీసే చిన్న బద్ద. పిల్లల గోళ్ళు తీయడానికి కూడా చాలదు.

"మీరు ఏమీ చూడలేదని రాశారు కదండీ?" అన్నారు మా వారు.

"ఆయ్, రాశానండి. అప్పుడు భయమేసిందండి. చూశానంటే కోర్టు చుట్టూ తిప్పుతారేమో, పిల్లలు గలవాణ్ణి. ఇప్పుడు మనిషే దొరికాడు, ఇంక భయమేముందండి? అంతా చెప్తాను."

మా వారు లోపలికి వెళ్ళారు. చొక్కా తొడుక్కోడానికి అనుకున్నాను. పెన్సిలు, నోటుబుక్కు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నారు.

"కత్తి ఏ చేతిలో ఉంది?"

"కుడి చేతిలోనండి. జానెడుంటుంది. వెంకట్రాజు అడ్డం వస్తే ఎత్తాడండి."

మా వారు రాసుకున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఆ పెన్సిలు వంక చూశాను. ఆయన చెడ్డవారు కాదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా ప్రమాణం చేసి చెప్తాను. కానీ ఆ నిమిషంలో ఆయనకి ఎదురుగా ఉన్నది పదిహేడో నంబరు కాగితం. ఖాదర్ కాదు.

"విశ్వాసంగారూ, అతను ఇప్పుడు ఎక్కడున్నాడండీ?" అన్నాను.

"బడి వరండాలో స్తంభానికి కట్టి ఉంచారండి అమ్మగారూ. పోలీసులకి కబురు పెట్టేముందు అయ్యగారితో ఒకమాట చెబుదామని నేనే పరిగెత్తుకొచ్చాను."

"కొట్టారా?"

ఆయన సంచిలో చేపల వంక చూశాడు. "నేనైతే చెయ్యి చేసుకోలేదండి."

పెన్సిలు ఆగింది.

నేనూ వస్తానన్నాను. "ఆడదానివి, లంకల్లోకి నీకేం పని?" అని అత్తయ్యగారు అడ్డం నిలబడ్డారు. "అతని పేరు చెప్పింది నేనండీ అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ పక్కకి తప్పుకున్నారు.

కొల్లేటి అంచుదాకా బండి మీద వెళ్ళాం. వేసవికి నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. బురద నెరలు విచ్చి, దాని మీద పశువుల గిట్టల గుర్తులు ఎండిపోయి ఉన్నాయి. లోతున్న చోట తాటి దోనె ఎక్కాం. దారి పొడుగునా విశ్వాసంగారు దొంగని పోల్చిన కథ చెప్తూనే ఉన్నాడు. రేవు చేరేసరికి అందులో ఇంకో ఇద్దరు సాక్షులు కూడా చేరారు. అది ఆట అని మా వారు దోనెలోనే విశ్వాసంగారితో చెప్పెయ్యచ్చు. చెప్పలేదు. సిగ్గుపడ్డారో, ఊరందరి ముందూ ఒకేసారి చెప్పాలనుకున్నారో నేను అడగలేదు.

ఖాదర్ బడి వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి స్తంభానికి కట్టి ఉంది. కింది పెదవి చిట్లి వాచింది. రేకుపెట్టె వాకిట్లో బోర్లించి ఉంది. మరలు, స్ప్రింగులు, చిన్న చిన్న పళ్ళచక్రాలు ఇసకలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవబోయాడు. తాడు లేవనివ్వలేదు.

ఊరంతా చేరింది. మా వారు వరండా మెట్టు మీద నిలబడి చెప్పారు. ఇది నేను పెట్టిన పరీక్ష. టైంపీసు నాది. తీసుకెళ్ళమన్నది నేను. అది అయిదు నిమిషాల్లో మళ్ళీ నా దగ్గరికి వచ్చేసింది. ఇతని చేతిలో కత్తి లేదు, గొడుగు ఉంది. ఇతను దొంగ కాదు. అన్నీ చెప్పారు, ఏదీ దాచలేదు.

గంగరాజుగారు పెద్దమనిషి. చాలా మర్యాదగా విన్నారు.

"మీరింత దూరం ఎండలో పడి వచ్చి చెప్పారు కాబట్టి వదిలేస్తామండి. తమది పెద్ద మనసండి."

"పెద్ద మనసు కాదండీ, జరిగిందే అది."

"అలాగేనండి."

"నమ్మడంలేదా మీరు?"

"అయ్యో, తమరు చెప్తే నమ్మకపోవడమేంటండీ? పిల్లలు గలవాడు, పోలీసుల పాలవుతాడని తమకి జాలేసింది. మాకు తెలీదాండీ? మజ్జిగ తాగండి." అని ఆయన నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తలలూపారు. మా వారి మీద వాళ్ళకి గౌరవం పెరిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

విశ్వాసంగారి మొహం మాత్రం పాలిపోయింది. మా వారి వంక, ఖాదర్ వంక మార్చి మార్చి చూశాడు. ఆయన నమ్మాడు. తాడు విప్పింది ఆయనే. విప్పుతూ, "మరి ఆ కాగితంలో కత్తి అని అచ్చంగా రాసుంది కదండీ" అని గొణిగాడు. అది నా చేతిరాత అని ఆయనకి తెలియదు.

నేను ఇసకలో కూర్చుని మరలు ఏరాను. ఖాదర్ వద్దండి అమ్మగారూ, వద్దండి అంటూనే ఉన్నాడు.

తిరుగు దోనెలో మా వారు అతనికి అంతా విప్పి చెప్పారు. మూడో కాగితం సంగతి, పదిహేనో తారీకు సంగతి. ఖాదర్ చిట్లిన పెదవి తువ్వాలుతో ఒత్తుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు.

"ఆ తారీకు నాకు ముందే చెప్పుంటే, అందాకా ఇంటిపట్టునే ఉండేవాణ్ణి కదండీ బాబుగారూ."

కోపంగా అనలేదు. నీళ్ళ వంక చూస్తూ అన్నాడు.

మర్నాడు నేను నలభై కార్డులు రాశాను. ఫలానా రోజు జరిగింది పరీక్ష, వచ్చినతను మా మనిషి, నిర్దోషి, మీ ఊరు వస్తే ఆదరించండి అని. మా వారు ఒక్కొక్కదాని మీద సంతకం పెట్టారు. ముప్పయ్యో కార్డు దగ్గర పెన్ను పక్కన పెట్టి, "అయిపోయింది ప్రసూనా, మూడో కాగితం ఇంక లేదు" అన్నారు. తర్వాత మిగతా పదీ పెట్టారు.

జవాబులు ఇరవై ఆరు వచ్చాయి. ఎవరూ అడగకుండానే. ఏడెనిమిది మంది బాగా నవ్వుకున్నామని రాశారు. మిగతావాళ్ళు, చిత్తం, తమరు చెప్పినట్టే అనుకుంటాము అని రాశారు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరి పంతులు, "తమ దయాగుణం ఎరిగినదే. అయినను అటువంటివారిని ఇంటికి రానీయవద్దని మనవి. అతడు నా వంక కత్తి చూపిన సంగతి తమరు గమనించలేదు" అని రాశాడు. ఆయన కాగితాలు తీసి చూశాను. కత్తి ప్రశ్న అడగని ఇరవైమందిలో ఆయన ఒకడు. ఏప్రిల్లో "చేతిలో ఏమీ లేదు" అని రాసినవాడు.

మా వారు ఆ కార్డు చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. "నిజం చెప్పాక కూడా పెరుగుతోంది" అన్నారు మెల్లగా. ఆ మాటలో ఒకప్పటి వెలుగు ఒక్క క్షణం కనిపించింది. నేను చూశానని ఆయనకి తెలిసింది. కార్డు నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఖాదర్‌కి ఏదో ఒకటి చెయ్యాలని ఆయన ఆరాటం. తనే ఒక కాగితం రాసి, స్కూలు ముద్ర వేయించి, సంతకం పెట్టి ఇచ్చారు. "ఈ కాగితం తెచ్చిన షేక్ ఖాదర్ దొంగ కాడని, సత్ప్రవర్తన గలవాడని ఇందుమూలంగా తెలియజేయడమైనది" అని. అది పట్టుకుని ఖాదర్ మళ్ళీ ఊళ్ళమీదికి వెళ్ళాడు.

పది రోజులకి అతని భార్య మహబూబ్ బీ మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కొంగు కొసన మడిచి కట్టిన ఆ కాగితం విప్పి నా ముందు పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండమ్మా."

"ఏమైంది మహబూబ్ బీ?"

"తాడేపల్లిగూడెంలో ఒక మిల్లు షావుకారుగారికి చూపించాడండి. ఆయన చదివి, దొంగ కాదని రాయించుకోవాల్సిన అవసరం నీకెందుకొచ్చిందయ్యా అన్నాట్ట. కామవరపుకోటలోనూ అంతేనమ్మా. చదువురానోళ్ళే నయం, కాగితం తిరగేసి చూసి పని ఇచ్చారు." కాగితం నా వైపు జరిపింది. "మీ మీద మాకేం లేదమ్మా. ఆయనకి చెప్పకుండా వచ్చాను. బాబుగారు రాసింది కదా, చింపకూడదని తెచ్చాను."

జూలైలో ప్రొఫెసరుగారికి మా వారు ఏమీ పంపలేదు. కలకత్తా ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. కాగితాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టేశారు. స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, ఇంట్లో ఎవరినీ ఏమీ అడగకుండా ఉండటం మొదలుపెట్టారు. అత్తయ్యగారికి అది చూసి ఇంకా భయం వేసింది. "వాడు ఏదైనా అడిగితే బావుణ్ణే అమ్మాయ్" అనేవారు.

వానలు పట్టాయి. ఒకరోజు హాల్లో గోడగడియారం ఆగిపోయింది. నిజానికి దానికి పెద్ద జబ్బేమీ లేదు, కీ బిగిసింది. ఖాదర్‌కి కబురు పెట్టాను. మనం పిలిస్తే నలుగురూ పిలుస్తారని నా ఆశ. ఆ పిలుపు చాలా మంచి పని అని కూడా నాలో నేను అనుకున్నాను.

మధ్యాహ్నం వచ్చాడు. మా వారు స్కూల్లో ఉన్నారు. అత్తయ్యగారు నల్లజర్ల వెళ్ళారు. ఖాదర్ చిక్కిపోయాడు. పెదవి మీద మచ్చ మిగిలింది. "బాగున్నారాండీ అమ్మగారూ?" అని, గడియారం దించుకుని వరండాలో చాప మీద కూర్చున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. నేను పిండి కలుపుతూ మధ్యమధ్య వచ్చి పిల్లల సంగతి అడిగాను, వానల సంగతి అడిగాను. తంగెళ్ళమూడిలోనే ఒక బావమరిది దుకాణంలో కూర్చుంటున్నాననీ, ఊళ్ళు తిరగడం మానేశాననీ చెప్పాడు.

పిండి కలపడానికి తీసిన నా బంగారు గాజులు వరండా కిటికీలో ఉన్నాయి. మూడోసారి వచ్చినప్పుడు, మాట్లాడుతూనే, వాటిని తీసుకుని లోపలికి వెళ్ళాను. పిండి చేతులతోనే. బీరువాలో పెట్టి తాళం తిప్పాక, ఆ తాళం చప్పుడు విన్నాక, నేను ఏం చేశానో నాకు తెలిసింది.

తిరిగి వచ్చేసరికి ఖాదర్ తల వంచుకుని మరలు బిగిస్తున్నాడు. గడియారం గోడకి తగిలించాడు. లోలకం ఆడించి చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత వచ్చి రేకుపెట్టె తీసుకున్నాడు. మూసేముందు, అందులోంచి ఒక్కొక్క వస్తువూ తీసి చాప మీద వరసగా పెట్టడం మొదలుపెట్టాడు. సుత్తి, పట్టకారు, నూనెసీసా, పాతబట్ట, బద్ద. పెట్టె బోర్లించి అడుగు తట్టి చూపించాడు. చొక్కా జేబు బయటికి తీశాడు.

"ఇదేమిటి ఖాదర్?"

"ప్రతి ఇంట్లోనూ ఇలాగే చేస్తున్నానండి అమ్మగారూ. అలవాటైపోయింది. చూసుకోండి."

"అక్కర్లేదు. మా ఇంట్లో అక్కర్లేదు" అన్నాను.

నా నోరు ఆ మాట అంటూనే ఉంది. నా కళ్ళు మాత్రం అప్పటికే సుత్తి దగ్గర మొదలుపెట్టి, పట్టకారు మీదుగా, పాతబట్ట మడతల మీదుగా, బద్దదాకా వెళ్ళి వచ్చాయి. అతను నా కళ్ళనే చూస్తున్నాడు. అవి తిరిగి వచ్చేదాకా ఆగి, తర్వాత వస్తువులన్నీ పెట్టెలో సర్దుకున్నాడు. వానకి గొడుగు విప్పుకుని, "వస్తానండి" అని మెట్లు దిగాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

సాయంత్రం మా వారు స్కూలు నుంచి వచ్చి, గోడ వంక చూసి, చాలారోజుల తర్వాత ఒక ప్రశ్న అడిగారు.

"ఖాదర్ వచ్చాడా? ఎలా ఉన్నాడు?"

"గడియారం బాగుచేశాడండి" అన్నాను.